గుస్తార్ గోడు

దేశానికి కష్టం వస్తే పత్రికలు సంపాదకీయాలు రాస్తాయి, పార్లమెంటు పొద్దుపోయేదాకా కూర్చుంటుంది, టీవీలో అరడజను మంది ఒకేసారి అరుస్తారు. అదే ఒక గృహస్థుకు, పింఛను డబ్బులతో ఎవరి జోలికీ పోకుండా కాలం వెళ్లదీసుకునే పెద్దమనిషికి, పరాయి భాషలోని ఒకే ఒక్క క్రియ చేతిలో పొద్దున్నా సాయంత్రమూ పరాభవం జరుగుతుంటే పట్టించుకునే నాథుడు లేడు. పోనీ ఐక్యరాజ్యసమితికి మొర పెట్టుకుందామా అంటే, అక్కడి అధికార భాషలు ఆరింటిలో స్పానిష్ కూడా ఒకటి. ముద్దాయి వెళ్లి న్యాయమూర్తుల వరసలో కూర్చున్నాడన్నమాట. అందుచేత నా ఆవేదన మీకే విన్నవించుకుంటున్నాను. ఆ క్రియ పేరు గుస్తార్. అర్థం నచ్చడం. నాకు నచ్చలేదు.

మీ పరిస్థితీ ఇంచుమించు ఇలాగే ఉండి ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మన సంతకం కోసం జనం వరండాలో పడిగాపులు పడ్డారు. రిటైరయ్యామో లేదో, "మీరిద్దరే అక్కడేం చేస్తారు నాన్నా, వచ్చెయ్యండి" అంటూ పిల్లలు టిక్కెట్లు పంపారు. అదృష్టవంతులు డాలస్ వెళ్తారు, న్యూజెర్సీ వెళ్తారు. అక్కడ గుడికెళ్తే తెలుగు, పచారీ కొట్టుకెళ్తే తెలుగు, పార్కులో నడకకెళ్తే ఎదురొచ్చేవాడు తెలుగువాడే కాక పిల్లనిచ్చినవాళ్లకు దూరపు చుట్టం కూడా. మా అమ్మాయికీ అల్లుడికీ మాత్రం ఉద్యోగాలు మాడ్రిడ్‌లో దొరికాయి. ఇక్కడ లిఫ్టులో బోర్డు స్పానిష్, మందుల డబ్బా మీద రాత స్పానిష్, ఏ చెత్త ఏ రంగు మూత తొట్టిలో వెయ్యాలో చెప్పే కాగితం స్పానిష్. సరిహద్దు దాటి తప్పించుకుందామంటే 20 దేశాల్లో ఇదే అధికార భాష. సముద్రం దాటి మెక్సికో పోయినా, అక్కడినుంచి చిలీ చివరిదాకా పోయినా, గుస్తార్ మనకంటే ముందే చేరి ఎదురుచూస్తుంటుంది. దానికి వీసా కూడా అక్కర్లేదు.

ఇన్ని క్రియలుండగా దీన్నే ఎందుకు పట్టుకున్నారని మీరడగవచ్చు. నేను పట్టుకోలేదండీ, అదే నన్ను పట్టుకుంది. కొత్త ముఖం కనిపిస్తే చాలు, ఈ ఊరివాళ్లు వేసే మొదటి ప్రశ్న "లె గుస్తా మద్రీద్?" మాడ్రిడ్ మీకు నచ్చిందా అని. రొట్టెల దుకాణంలో అదే, మెట్ల మీద అదే, బస్సు కోసం నిలబడ్డ చోట అదే. నచ్చిందని చెప్పాలన్నా గుస్తారే, లేదని చెప్పాలన్నా గుస్తారే. మౌనంగా నవ్వి ఊరుకుంటే వినపడలేదనుకుని మరింత గట్టిగా, మరింత నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి మళ్లీ అడుగుతారు. మనిషి మంచి మనిషే కాబట్టి జవాబు చెప్పేదాకా కదలడు. వెనక ఉన్న బస్సు కదిలిపోతుంది.

మా అల్లుడు ఒక పుస్తకం తెప్పించాడు. నేర్పేది స్పానిషే, కానీ నేర్పేది ఇంగ్లీషులో. గుస్తార్ పాఠం దగ్గర పేజీ మధ్యన నల్లగీతల గడి, అందులో ఒక హెచ్చరిక. ఇది తలకిందుల క్రియ, జాగ్రత్త సుమా అని దాని సారాంశం. కింద బాణాలతో బొమ్మ. కర్తను కర్మ స్థానంలోకి, కర్మను కర్త సింహాసనం మీదికి మోసుకుపోతున్న బాణాలు. ముందు ‘నేను కాఫీని ఇష్టపడుతున్నాను’ అనుకోవాలట, తర్వాత దాన్ని ‘కాఫీ నాకు ప్రీతిని కలుగజేయుచున్నది’ అని తిప్పుకోవాలట, ఆ తర్వాతే స్పానిష్‌లోకి దించాలట. ఇంత కసరత్తు పూర్తయ్యేసరికి ఎంత ప్రీతి కలుగజేయు కాఫీ అయినా చల్లారుతుంది.

పేటలోని గ్రంథాలయంలో మాలాంటి పెద్దవాళ్లకు తరగతి ఒకటి నడుస్తోంది. అక్కడా ఇదే పాట. పంతులమ్మ చాలా ఓపికమంతురాలు, ఆమెను ఒక్క మాట అనను. ఆమె కూడా గుస్తార్ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, ఈ క్రియ వెనక్కి నడుస్తుంది, మీ భాషల్లో ఇలా ఉండదు, భయపడకండి అని ధైర్యం చెప్పింది. నా కుడిపక్కనున్న ఇంగ్లండు పెద్దావిడ నిట్టూర్చింది. ఎడమపక్కనున్న అమెరికా పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వాళ్ల దుఃఖం అందరికీ అర్థమైంది. నా దుఃఖం వేరని ఎవరికీ తోచలేదు.

వెనక్కట! అయ్యా, మీరే చెప్పండి. కాఫీ గురించి మనమేమంటాం? ‘నాకు కాఫీ నచ్చింది’ అంటాం. ఇందులో ‘నేను’ ఎక్కడుంది? ఆకలి మనం చెయ్యం, మనకు వేస్తుంది. నిద్ర మనకు వస్తుంది, జలుబు మనకు చేస్తుంది, కోపం మనకు వస్తుంది, ఇంగ్లీషు మనకు వచ్చు, ఈత మనకు రాదు, అల్లుడి పద్ధతి మనకు నచ్చదు, ఆ సంగతి బయటికి చెప్పడం మనకు కుదరదు. తెలుగువాడి జీవితంలో ముఖ్యమైనవన్నీ వాడు చేసేవి కావు, వాడికి జరిగేవి. 2011 జనగణన లెక్క ప్రకారం మనం 8 కోట్ల పైచిలుకు. ఈ 8 కోట్లమందీ, వీళ్ల తాతలూ ముత్తాతలూ, కడుపునిండా తిని త్రేన్చి ‘నాకు నచ్చింది’ అన్నవాళ్లందరూ ఇన్ని వందల ఏళ్లుగా వెనక్కి నడుస్తున్నారని మాడ్రిడ్ గ్రంథాలయంలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వినాల్సివచ్చింది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి కూడాను.

ఇది మనొక్కళ్ల పరువు మాత్రమే కాదు. పాణిని అష్టాధ్యాయిలో, మొదటి అధ్యాయం నాలుగో పాదంలో, దీనికోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే ఉంది. రుచించడం అనే అర్థమున్న క్రియలొచ్చినప్పుడు, రుచించింది ఎవరికో ఆ మనిషికి సంప్రదాన సంజ్ఞ, అంటే చతుర్థీ విభక్తి. వ్యాఖ్యాతలు చెప్పే ఉదాహరణలో దేవదత్తుడికి కుడుము నచ్చుతుంది. దేవదత్తుడు కుడుమును ఇష్టపడడు, గమనించండి. కుడుమే దేవదత్తుడికి రుచిస్తుంది. గుస్తార్ కూడా లాటిన్‌లో రుచి చూడటం అనే అర్థమున్న క్రియ నుంచి దిగినదే. రుచికీ నచ్చడానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని మన వ్యాకరణం క్రీస్తు పుట్టకముందే కనిపెట్టి, సూత్రం కట్టి, కుడుము చేతిలో పెట్టింది. తెలుగు వ్యాకరణంలో ‘కి, కు’లను చతుర్థిలో కాకుండా షష్ఠిలో వేశారు, అది వేరే గొడవ. బడిలో ఆ విభక్తుల పట్టిక అప్పజెప్పలేక గోడకుర్చీ వేసినవాళ్లు దాన్ని ఇక్కడ ఎత్తకపోయినా అభ్యంతరం చెప్పరు.

ఇంకో దారుణం వినండి. తలకిందులైంది అసలెవరు? ఇంగ్లీషు ‘లైక్’కు పూర్వీకుడైన పాత క్రియకు అర్థం నచ్చేలా ఉండటం. వస్తువే కర్త, మనిషి ‘నాకు’గా ఉండేవాడు, అచ్చం మనలాగే. షేక్‌స్పియర్ నాటకాల్లో కూడా ఆ వాడుక ఆనవాళ్లున్నాయి. క్రమంగా ఇంగ్లీషువాడు ‘నాకు’ను తోసేసి ‘నేను’ను గద్దెనెక్కించాడు. స్పెయిన్‌వాడి ప్రయాణం దీనికి ఎదురు దిశలో సాగింది. సెర్వాంతెస్ రోజుల్లో గుస్తార్‌కు మనిషే కర్తగా ఉండటం మామూలు, ‘నేను ఫలానాదాన్ని మెచ్చుతాను’ అన్న వరసలో. రానురానూ ‘నేను’ తగ్గి ‘నాకు’ స్థిరపడింది. ఒకడు ఇటునుంచి అటు, ఒకడు అటునుంచి ఇటు. మనం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. ఈ సంగతులన్నీ తరగతిలో లేచి నిలబడి చెబుదామనుకున్నాను. ‘నాకిది అన్యాయంగా తోస్తోంది’ అని మొదలుపెట్టాలి కదా, తోచడానికి వాడే పరెసేర్ అనే క్రియ కూడా ఈ తెగదే. కూర్చున్నాను.

అసలు 1492లోనే ఈ చిక్కు తీరిపోవాల్సింది. ఆ ఏడు ఆగస్టు 3న కొలంబస్ మన దేశానికని ఓడెక్కాడు. అదే నెల 18న సలమాంకాలో నెబ్రిహా పండితుడు స్పానిష్ వ్యాకరణం అచ్చువేసి ఇసబెల్ రాణికి అంకితమిచ్చాడు. మధ్యలో పక్షం రోజులు. కొలంబస్ ఆ కాస్తా ఆగి, ఆ పుస్తకం చేతబట్టుకుని, దారి తప్పకుండా, తిన్నగా మన తీరానికొచ్చి ఏ మచిలీపట్నంలోనో దిగి ఉంటే, రేవులో మొదట కనబడ్డ చేపలావిడ ‘నాకు’ అంటే ‘మె’ అని అరక్షణంలో తేల్చేసేది. ఆయన బహామాస్‌లో తేలాడు. ఫలితం నేను అనుభవిస్తున్నాను.

అంత తెలుగు ఉండి మరి నీకేమిటి కష్టం అని మీకు అనుమానం రావచ్చు. కష్టం తెలుగుతో కాదు, స్పానిష్‌తోనూ కాదు. మధ్యలో కూర్చున్న దళారీతో. మనకు చిన్నప్పట్నుంచీ ‘ఐ లైక్ మ్యాంగోస్’ అని బెత్తంతో నేర్పారు. ముప్పై ఏళ్లు ఆఫీసులో ‘ఐ యామ్ డైరెక్టెడ్ టు స్టేట్’ అని రాశాం. పరాయి భాష అనగానే మన నోరు తెలుగును ఇంట్లో వదిలేసి, టై కట్టుకుని, ఇంగ్లీషు గుమ్మంలోంచి బయల్దేరుతుంది. అలా బయల్దేరిన నోటికి మొదట దొరికేది ‘యో’, అంటే ‘నేను’. ‘యో గుస్తో’ అంటే ఏమిటో తెలుసా? కాఫీ ఊసే లేదు అందులో. ‘నేను నచ్చుతాను’ అని. అరవై దాటినవాడు రొట్టెల దుకాణంలో నిలబడి చెయ్యదగిన ప్రకటన కాదది.

పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లు తెలుగులోకే ఈ దళారీని తీసుకొచ్చారు. ‘వాడు నాకు నచ్చాడు’ పోయి ‘నేను వాణ్ని లైక్ చేస్తున్నాను’ వచ్చింది. ఫోనులో ఫొటో చూసి ‘లైక్ కొట్టాను’ అంటారు. నచ్చడం మనకు జరిగేది పోయి మనం కొట్టేది అయింది. స్పెయిన్‌లో ఆ బొటనవేలు బొమ్మ కింద కూడా ‘మె గుస్తా’ అనే ఉంటుంది, ‘నాకు నచ్చింది’ అని. ఈ మాత్రం అభిమానం మనకెందుకు లేకపోయిందో సాహిత్య అకాడమీలు ఆలోచించాలి. ఆలోచించవు.

ఇక మా ఆవిడ విషయం. తణుకులో తెలుగు మీడియం. ఆ నల్లగీతల గడి ఆవిడ చూడలేదు, బాణాలు చూడలేదు, తరగతికి రమ్మంటే ‘పొయ్యి మీద పప్పుంది’ అంది. పళ్లకొట్టు మొహం మాత్రం రోజూ చూసింది. కొట్టువాడు ద్రాక్షగుత్తి చూపించి ఏదో అంటాడు, ఈవిడ తలూపుతుంది, చెయ్యి తిప్పుతుంది, ఒకటి తిని చూస్తుంది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం వంటింట్లోంచి, "ఏవండీ, ‘మె’ అంటే నాకు. ఒకటైతే గుస్తా, నచ్చింది. చాలా ఉంటే గుస్తాన్, నచ్చాయి. మన మాటే కదా, దీనికి పుస్తకం దేనికి?" అంది. కూర తరుగుతూనే అంది. ఈ విషయంపై వ్యాఖ్యానించదలచుకోలేదు.

వ్యాఖ్యానం లేకపోయినా నిజం నిజమే, నచ్చింది నచ్చాయి అనే తేడా ఇక్కడా ఉంది. మామిడిపండు నచ్చితే గుస్తా, మామిడిపళ్లు నచ్చితే గుస్తాన్. నచ్చినవాడు ఎంతమంది అన్నది లెక్కలోకి రాదు, నచ్చిన సరుకు ఎంత అన్నదే లెక్క. ఊరు ఊరంతా కలిసి ఒకే పండును మెచ్చినా గుస్తాయే. ఇంతవరకు న్యాయంగానే ఉంది. కానీ నచ్చింది పండు కాక పని అయితే, ఎన్ని పనులు చెప్పినా ఏకవచనమే. నాకు తినడమూ నిద్రపోవడమూ నచ్చుతాయి అనాలంటే ‘మె గుస్తా కొమేర్ ఈ దొర్మీర్’, అంటే రెండూ కలిపి ఒక్కటి. జీవితమంతా కష్టపడి సంపాదించుకున్న రెండే రెండు వ్యసనాలు, వాటిని కూడా జమకట్టేశారు. ఆదాయప్పన్నువాళ్లు కూడా ఇంత అన్యాయం చెయ్యలేదు.

‘ఆ మీ’ అని ఇంకొకటుంది. ‘మె గుస్తా’ అంటే ‘నాకు నచ్చింది’ కదా, అక్కడితో పూర్తయింది కదా. కాదు. కాస్త నొక్కి చెప్పాలంటే ముందు ‘ఆ మీ’ తగిలించాలి. దానికీ అర్థం ‘నాకు’ అనే. ‘ఆ మీ మె గుస్తా’, నాకు నాకు నచ్చింది. సరే, ముందు చెప్పాం కాబట్టి రెండోది తీసేద్దామంటే కుదరదు, వాక్యం కూలిపోతుంది. శుభలేఖ పంపాక, ఫోనులో చెప్పాక, మళ్లీ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తేనే పెళ్లికొచ్చే మేనత్తలా ఉంది వ్యవహారం. పైగా ఆ ‘మీ’ ఒకటి. తెలుగువాడి చెవికి ‘మీ’ అంటే ఎదుటివాడు. ఇక్కడ ‘మీ’ అంటే నేను, ‘మీ కాసా’ అంటే మా ఇల్లు. మొన్నటికి మొన్న పై అంతస్తావిడ ‘మీ కాసా, మీ కాసా’ అంటుంటే మా ఇంట్లో ఏం కొంప మునిగిందోనని పరుగెత్తాను. ఆవిడింట్లో కుళాయి కారుతోందట.

ఇక ‘లె’. మీకు అన్నా ‘లె’, ఆయనకు అన్నా ‘లె’, ఆమెకు అన్నా ‘లె’, కుక్కకు అన్నా ‘లె’. సాయంత్రం పార్కులో ఒక పెద్దాయన మా ముందు ఆగి ‘లె గుస్తా?’ అని ఆప్యాయంగా అడుగుతాడు. అడిగింది నన్నా, మా ఆవిడనా, మనవడు పట్టుకున్న ఐస్‌క్రీమ్ వైపు చూస్తున్న ఆయన సొంత కుక్క గురించా? అనుమానం తీర్చడానికే ‘ఆ ఉస్తెద్’ అని అదనంగా చేరుస్తారట. మర్యాదగల తెలుగువాడు ‘మీకు’ అనే ఒక్క మాటలో తేల్చే పనికి ఇక్కడ రెండు మాటలు, ఒక చూపు, ఒక వేలు కావాలి. ఆ రోజు అడిగింది ఐస్‌క్రీమ్ గురించి. కుక్కకు నచ్చింది.

ఒక్క చోట మాత్రం మనదే పైచెయ్యి, అది చెప్పకపోతే కళ్లుపోతాయి. ఎవరైనా ‘నాకు నచ్చింది’ అంటే వంతపాడటానికి ‘ఆ మీ తంబియెన్’ అనాలి, నాకూ అని. ‘నేను వస్తాను’ అంటే వంతపాడటానికి ‘యో తంబియెన్’, నేనూ అని. ఇంగ్లీషు పెద్దావిడ ఈ రెండింటి మధ్య పడే యాతన చూడలేం. ఆవిడకు రెండు చోట్లా ‘మీ టూ’ ఒక్కటే. మనకు ‘నాకూ’ వేరు, ‘నేనూ’ వేరు, పుట్టుకతో వచ్చింది. తరగతి మొత్తంలో ఈ అభ్యాసం ఒక్కదానికే పంతులమ్మ నన్ను మెచ్చుకుంది. ఇంటికొచ్చి చెబితే మా మనవడు, "తాతయ్యా, మరి ఎదుటివాళ్లకి నచ్చలేదు, నీకూ నచ్చలేదు, అప్పుడేమంటావ్?" అన్నాడు. దానికి ‘ఆ మీ తంపోకో’. వాళ్లకు నచ్చక నాకు నచ్చితే ‘ఆ మీ సీ’. వాళ్లకు నచ్చి నాకు నచ్చకపోతే ‘ఆ మీ నో’. అనుకూల, ప్రతికూల, తటస్థ వర్గాలన్నీ ఏర్పడ్డాయి. శాసనసభ అయిపోయింది ఇల్లు.

ఆ సభలో చర్చకు వచ్చే అంశం కూడా చిన్నది కాదు. ఈ దేశంలో బంగాళాదుంపలతో, గుడ్లతో మందంగా ఒక అట్టు వేస్తారు, తొర్తియ్యా అంటారు. అందులో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నదానిపై స్పెయిన్ నిట్టనిలువుగా చీలిపోయింది. నేను అతిశయోక్తి చెయ్యడంలేదు, ఉల్లిపక్షానికీ ఉల్లిరహిత పక్షానికీ వేర్వేరు పేర్లే ఉన్నాయి. పొరుగింటికి భోజనానికి వెళ్తే మన మతం అడగరు, రాజకీయం అడగరు, ఉల్లితోనా ఉల్లి లేకుండానా అని అడుగుతారు. మా అల్లుడు ఉల్లి, మనవడు ఉల్లిరహితం. మా ఆవిడ గుడ్డే ముట్టదు కాబట్టి ఎన్నికలను బహిష్కరించింది. మాంసం సంగతి మరీ సున్నితం. ఇక్కడివాళ్లు మాడ్రిడ్ పేరుతోనే ఒక బోటీ కూర చేస్తారు, ‘నో మె గుస్తా’ అంటే ఊరి వంటనే తప్పుపట్టినట్టు ముఖం చిన్నబుచ్చుకుంటారు. నచ్చకపోవడం వేరు, తినకపోవడం వేరు. శాకాహారి నోట గుస్తార్ రాకూడదు, తినను అనే క్రియతో గట్టెక్కాలి. ఇంత కష్టపడి నేర్చుకున్న క్రియను అసలు కావలసిన చోట వాడకూడదట.

ఇప్పుడు ప్రమాదకరమైన భాగానికి వస్తున్నాను, పిల్లలుంటే పక్క గదికి పంపండి. వస్తువులు నచ్చడం వరకు గుస్తార్ సాధుజంతువు. మనుషుల దగ్గరికొచ్చేసరికి దాని చూపు మారుతుంది. ఒక మనిషితో ‘మె గుస్తాస్’ అన్నారంటే అది ఇరుగుపొరుగు అభిమానం కాదు, ‘నువ్వు నాకు నచ్చావ్’ అని. ఆ మాటకు ఏ అర్థమో మీకు నేను చెప్పాలా? 2001లో వెంకటేశ్, ఆర్తీ అగర్వాల్ నటించిన సినిమాకు అదే పేరు, జనం అర్థం చేసుకునే టిక్కెట్లు కొన్నారు. చిత్రమేమిటంటే అదే 2001లో మనూ చావో అనే గాయకుడు ‘మె గుస్తాస్ తూ’ అని పాడితే యూరప్ అంతా ఊగింది. అక్కడా అవే మాటలు, ఇక్కడా అవే మాటలు, ఒకరికొకరు చెప్పుకోకుండా. అంచేత పై అంతస్తావిడ పండక్కి బాదం మిఠాయి తెచ్చిచ్చినప్పుడు, ఆవిడ మంచితనం పట్ల నాకు కలిగిన గౌరవాన్ని ఈ క్రియతో ప్రకటించరాదని అమ్మాయి ముందుగానే హెచ్చరించింది. మా ఆవిడ ఆ పక్కనే నిలబడి వింటోంది.

మరి మంచి మనుషుల గురించి ఏమనాలి? ఇక్కడే, ఇన్ని నెలల అవమానంలో మొదటిసారి, నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. దానికి కయేర్ అనే క్రియ వాడతారు. కయేర్ అంటే పడటం. జారిపడటం, చెట్టు మీంచి పండు పడటం, అదే పడటం. ఫలానా ఆయన ‘మె కాయె బియెన్’ అంటే నాకు బాగా పడతాడు, మనిషి నచ్చాడు. ‘మె కాయె మాల్’ అంటే నాకు పడడు. పంతులమ్మ ఇదొక వింత నుడికారం, బట్టీ పట్టండి, అర్థం వెతక్కండి అంది. ఇంగ్లీషు పెద్దావిడ రాసుకుంది, అమెరికా పెద్దాయన మళ్లీ కళ్లజోడు తీశాడు. వింతా? ‘వాడికీ నాకూ పడదు’ అని మనం అన్నంత ధారాళంగా భూమ్మీద ఇంకెవరంటారు? అత్తకూ కోడలికీ పడదు, కింది వాటా వాళ్లకూ పై వాటా వాళ్లకూ పడదు, అన్నదమ్ములకు పొలం గట్టు దగ్గర పడదు. అంతేకాదు, వంకాయ పడదు, పాలు పడవు, కొత్త ఊరి నీళ్లు పడలేదు. వాళ్లూ తిండికి ఈ మాట వాడతారు, కాకపోతే స్పెయిన్‌లో తిండి దగ్గర సెంతార్ అనే మరో క్రియది పెత్తనం. ఇన్ని సముద్రాల అవతల, ఏ చుట్టరికమూ లేని జనం, మనుషుల మధ్య పొసగకపోవడానికి మనం ఎంచుకున్న క్రియనే ఎంచుకున్నారు. నేను ఆ మధ్యాహ్నం పంతులమ్మకు దీన్ని వివరించడానికి చేతులతో ఎంతో ప్రయత్నించాను. ఎవరో పడిపోయారనుకుని ఆవిడ అంబులెన్సుకు ఫోను చెయ్యబోయింది.

మందుల దుకాణంలో కూడా ఈ తెగే ఏలుతోంది. నొప్పికి దొలేర్. తల నొప్పి అయితే ‘మె దుయెలె’, మోకాళ్లయితే రెండు కాబట్టి ‘మె దుయెలెన్ లాస్ రొదీయాస్’. ‘నా’ మోకాళ్లు అనక్కర్లేదు, నాకు నొప్పిగా ఉన్నాయంటే ఎవరివో తెలిసిపోతుంది, మన పద్ధతే. కానీ ఒక మోకాలే నొప్పి పెడితే ఏకవచనం, రెండూ అయితే బహువచనం అని కౌంటరు ముందు నిలబడి లెక్క చూసుకోవాలి. ఎడమది పొద్దున నొప్పి, కుడిది మెట్లెక్కితేనే నొప్పి. దీన్ని ఏ వచనంలో వెయ్యాలో నెబ్రిహా చెప్పలేదు. మా ఆవిడ నన్ను పక్కకు జరిపి రెండు మోకాళ్లూ చూపించింది, అవి నావి అని వేలితో సహా. మందు వచ్చేసింది.

మెచ్చుకోలు ఎక్కువైతే ఎన్‌కంతార్ ఉంది. నచ్చడం కాదు, మంత్రముగ్ధం కావడం. దానికి ‘చాలా’ చేర్చకూడదట, మంత్రంలోనే చాలా కలిసి ఉందట. ‘నువ్వు రావడం నాకు నచ్చింది’ అనాలంటే ఆ ‘రావడం’ మళ్లీ వేరే అచ్చులో పోత పోసుకోవాలట, సుబ్‌హుంతీవో అనే గండం, వచ్చే నెల పాఠం. దాని పేరు ఎత్తినప్పుడల్లా పంతులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇంతటి విద్యనూ సంపాదించి, ‘ఆ మీ మె గుస్తా ఎల్ కఫే’ అని మెట్లు దిగుతున్నంతసేపూ వల్లించుకుని, సందు మొగలో బార్‌కి ఒంటరిగా వెళ్లానండీ. మా అల్లుడు వెనకనుంచి అరిచాడు. "మావయ్యగారూ, కాఫీ అడగడానికి గుస్తార్ వాడరు. నచ్చుతుందని చెబితే వాళ్లు సంతోషించి ఊరుకుంటారు. ‘మె పోనె ఉన్ కఫే’ అనండి" అని. పొనేర్ అంటే పెట్టడం. నాకో కాఫీ పెట్టండి! ఇదేదో మా వంటింటి గుమ్మంలో నిలబడి రోజూ అనే మాటే. ఇంగ్లీషును సందు చివరే వదిలేసి, తిన్నగా తెలుగులోంచే అన్నాను. కౌంటరు వెనకాయన తలూపి, కప్పు తీసి, నావైపు తిరిగి, పాలు వేడివా, చల్లవా, గోరువెచ్చనివా అని అడిగాడు.